18446744073709551615 ప్రధాన సంఖ్యేనా? దీని మీద తెలుగు పద్యం ఉన్న మాట నిజమేనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మాదాపూర్‌లో మీ ఆఫీసు డాష్‌బోర్డు మీద "మిగిలిన సీట్లు" అన్న చోట 18446744073709551615 అని వచ్చింది. ఎవరో ఇష్టం వచ్చినట్టు కొట్టిన అంకెలనుకుని కాగితం మీద రాసుకుని ఇంటికి తెచ్చారు. మీ నాన్నగారు ఆ కాగితాన్ని కాసేపు చూసి "శర శశి షట్క చంద్ర..." అంటూ పద్యం ఎత్తుకున్నారు. తొమ్మిదో తరగతి చదివే మీ అమ్మాయేమో ఇది ప్రధాన సంఖ్యా కాదా, ప్రాజెక్టుకి పనికొస్తుందా అని అడుగుతోంది.

ముందు సూటిగా జవాబులు చెప్పేస్తాను.

ఇది ప్రధాన సంఖ్య కాదు. 5తో ముగుస్తోంది కాబట్టి 5తో పోతుంది, అక్కడే తేలిపోయింది. పూర్తిగా విడగొడితే 3 × 5 × 17 × 257 × 641 × 65537 × 6700417. ఏడు ప్రధాన సంఖ్యలు, ఒక్కొక్కటీ ఒక్కసారే వస్తుంది.

ఇది ఇష్టం వచ్చినట్టు కొట్టిన అంకెలు కాదు. 2ని 64 సార్లు వేసి గుణించి, అందులోంచి 1 తీసేస్తే వచ్చేది ఇదే. అంటే 2⁶⁴ − 1. చదరంగం బల్ల మీద మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా రెట్టింపు చేసుకుంటూ 64 గళ్లూ నింపితే మొత్తం ఎన్ని గింజలో, అదీ ఈ సంఖ్య.

పద్యం నిజం. మీ నాన్నగారు చెప్పినది పావులూరి మల్లన పద్యం. అందులో ఈ ఇరవై అంకెలూ ఒక్కటి కూడా తప్పకుండా ఉన్నాయి.

ఇక వివరంగా. నేను హైదరాబాదులోనే ఇరవై ఎనిమిదేళ్లు ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పాను. గుణశ్రేణి పాఠం వచ్చినప్పుడల్లా ఈ సంఖ్యతోనే మొదలుపెట్టేవాణ్ని, అందుకే దీని గురించి కాస్త ఎక్కువే చెప్పగలను. ముందు పద్యం సంగతి చూద్దాం, ఎందుకంటే అంకెలు సరైనవో కావో తెలియకుండా కారణాంకాలు వెతకడం వృథా ప్రయాస.

మల్లన పదకొండో శతాబ్దివాడు. తొమ్మిదో శతాబ్దిలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసారసంగ్రహాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. అప్పట్లో పెద్ద సంఖ్యల్ని పద్యంలో ఇమడ్చడానికి భూతసంఖ్యలు అనే పద్ధతి వాడేవారు. అంకె బదులు, లోకంలో అన్ని ఉన్నాయని అందరికీ తెలిసిన వస్తువు పేరు చెబుతారు. చంద్రుడు ఒక్కడే కాబట్టి చంద్ర అంటే 1. మన్మథుడి బాణాలు అయిదు కాబట్టి శర అంటే 5. అగ్నులు మూడు, వేదాలు నాలుగు, శరీరంలో రంధ్రాలు తొమ్మిది. ఆకాశం శూన్యం కాబట్టి 0.

పద్యంలో వచ్చే వరుస ఇది: శర 5, శశి 1, షట్క 6, చంద్ర 1, శర 5, సాయక 5, రంధ్ర 9, వియత్ 0, నగ 7, అగ్ని 3, భూధర 7, గగన 0, అబ్ధి 4, వేద 4, గిరి 7, తర్క 6, పయోనిధి 4, పద్మజాస్య 4, కుంజర 8, తుహినాంశు 1.

"అంకానాం వామతో గతిః" అన్నారు. అంకెలు ఎడమవైపుకు నడుస్తాయి. మొదట చెప్పినది ఒకట్ల స్థానం, తర్వాతిది పదుల స్థానం. కాబట్టి ఈ వరుసను వెనకనుంచి చదవాలి: 1 8 4 4 6 7 4 4 0 7 3 7 0 9 5 5 1 6 1 5. మీ డాష్‌బోర్డు మీద ఉన్నది పక్కన పెట్టుకుని ఒక్కో అంకె సరిచూసుకోండి. నేను మొదటిసారి చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చుని ఇలా పోల్చి చూసినప్పుడు, చివరి తుహినాంశు దగ్గరికి వచ్చి 1 సరిపోయేసరికి ఒళ్లు జలదరించింది. ఇప్పటికీ ప్రతిసారీ అలాగే అనిపిస్తుంది.

ఇక్కడ ఇద్దరు పిల్లలు చేసిన పొరపాట్లు చెప్పాలి, ఎందుకంటే మీ అమ్మాయికీ అవే ఎదురవుతాయి.

ఒక అబ్బాయి "వియన్నగాగ్ని" అన్న చోట నగ బదులు నాగ అని విడగొట్టాడు. నగ అంటే కొండ, కులపర్వతాలు ఏడు కాబట్టి 7. నాగ అంటే ఏనుగు, దిగ్గజాలు ఎనిమిది కాబట్టి 8. ఒక్క దీర్ఘం తేడా, సంఖ్యలో పది కోట్ల తేడా! వాడికి 18446744073809551615 వచ్చింది. తప్పు ఎక్కడుందో నేను చెప్పలేదు, అంకెల మొత్తం కట్టమన్నాను. అసలు సంఖ్యలో అంకెల మొత్తం 87. అది 3తో పోతుంది. వాడి సంఖ్యలో 88, అది 3తో పోదు. 2ని సరిసంఖ్యసార్లు వేసి గుణించి 1 తీసేస్తే (3, 15, 63, 255 చూడండి) అది తప్పకుండా 3తో పోవాలి. అంటే వాడి సంఖ్య చదరంగపు సంఖ్య అయ్యే అవకాశమే లేదు.

క్లాసులో తెలుగు బాగా వచ్చిన అమ్మాయి ఒకతె ఉండేది. లెక్క అక్కర్లేకుండానే తప్పు పట్టుకుంది. పద్యం చంపకమాల. న జ భ జ జ జ ర గణాలు. మొదటి పాదంలో "వియన్న" అనేది లఘువు, గురువు, లఘువు, అంటే జ గణం. నాగ అని దీర్ఘం తీస్తే "వియన్నా" అయి గణం చెడిపోతుంది. కాబట్టి అక్కడ నగే ఉండాలి. ఆ రోజు నేను బోర్డు దగ్గర నిలబడిపోయాను. అన్నేళ్లుగా భాజనీయతా సూత్రాలు చెబుతున్నాను గానీ, ఛందస్సు కూడా అంకెలకు కాపలా కాస్తుందని నాకు తట్టలేదు. తాళపత్రాల మీద చేత్తో ఎత్తిరాసుకునే రోజుల్లో, ఉత్త అంకెలైతే ఒకటి జారిపోయినా ఎవరికీ తెలియదు. పద్యంలో ఒక అంకె జారితే పాదం కుంటుతుంది.

ఇంకొంచెం దగ్గరగా చూడండి. మొదటి పాదం "భూ" దగ్గర ఆగి, రెండో పాదం "ధర" అని మొదలవుతుంది. రెండో పాదం "కుం" దగ్గర ఆగి, మూడోది "జర" అని మొదలవుతుంది. శర, ధర, జర, అన్నిటిలో రెండో అక్షరం ర. అది ప్రాస. 7కి ఆయన దగ్గర నగ, గిరి ఉన్నాయి, వాటిని వేరే చోట వాడాడు కూడా. కానీ సరిగ్గా పాదం విరిగే చోట ప్రాస కోసం భూధర కావాలి, 8కి కుంజర కావాలి. అంకెలు ఆయన చేతిలో లేవు, వాటి వరుస మార్చడానికి లేదు. ఆ వరుసకు తగ్గ మాటలు ఎంచి యతి, ప్రాస, గణాలు మూడూ నిలబెట్టాడు. మొదటి పాదంలో శ–సా, రెండో పాదంలో ధ–త యతి కూడా చక్కగా కుదిరింది.

రెండో పొరపాటు సముద్రంది. మనం సప్తసముద్రాలు అంటాం కాబట్టి ఒక పాప అబ్ధికి 7 వేసింది. ఇక్కడ చతుస్సముద్రాలు, 4 తీసుకోవాలి. ఈ తప్పు 3 పరీక్షకు దొరకదు, ఎందుకంటే 4 బదులు 7 వేస్తే మొత్తం 87 నుంచి 90 అవుతుంది, 90 కూడా 3తో పోతుంది. దీనికి 9 పరీక్ష కావాలి. అసలు సంఖ్యను 9తో భాగిస్తే శేషం 6 (87ని 9తో భాగిస్తే 6). 90 అయితే శేషం 0. దొరికిపోయింది. అందుకే పిల్లలకు 3 ఒక్కటే చూసి ఊరుకోవద్దని, 9 కూడా చూడమని చెబుతాను.

ఇక మీ అమ్మాయి చేత్తో ఈ సంఖ్యను రాబట్టే మార్గం. 64 సార్లు రెట్టింపు చేయక్కర్లేదు, ఆరుసార్లు వర్గం చేస్తే చాలు: 2, 4, 16, 256, 65536, 4294967296. దీన్ని ఇంకోసారి వర్గం చేస్తే 2⁶⁴. మల్లన కాలానికి దగ్గరివాడైన అల్ బిరూనీ కూడా చదరంగపు లెక్కను ఇలా వర్గాల మీదుగానే చేశాడు.

చివరి గుణకారం చూస్తే భయం వేస్తుంది. కానీ మన కోట్ల పద్ధతిలో రాస్తే తేలిక. 4294967296 అంటే 429 కోట్ల 49,67,296. దీన్ని రెండు ముక్కలుగా చూడండి, 429 (కోట్లు), 49,67,296.

మొదటి ముక్క వర్గం: 429 × 429 = 1,84,041. ఇవి కోట్ల కోట్లు.
రెండు ముక్కల లబ్ధానికి రెట్టింపు: 858 × 49,67,296 = 426 కోట్ల 19,39,968. ఇవి కోట్లు. అంటే 426 కోట్ల కోట్లు, ఆపైన 19,39,968 కోట్లు.
రెండో ముక్క వర్గం: 24,67,402 కోట్ల 95,51,616.

ఇప్పుడు కలపండి. కోట్ల కోట్లు: 1,84,041 + 426 = 1,84,467. కోట్లు: 19,39,968 + 24,67,402 = 44,07,370. మిగిలింది 95,51,616. ఒక ముక్కలోంచి ఇంకో ముక్కలోకి క్యారీ కూడా రాలేదు. ఒకటి తీసేస్తే 1,84,467 కోట్ల కోట్లు, 44,07,370 కోట్ల 95,51,615. ముక్కలు పక్కపక్కన పెట్టండి: 184467, 4407370, 9551615. మీ డాష్‌బోర్డు సంఖ్య వచ్చేసింది. ఇంగ్లీషు పద్ధతిలో మూడేసి అంకెల కామాలు పెట్టుకుని చేసిన పిల్లలు ఎక్కడో ఒక చోట తప్పిపోవడం నేను చాలాసార్లు చూశాను. కోట్లతో చేసినవాళ్లు పది నిమిషాల్లో తేల్చేస్తారు.

ఒక జాగ్రత్త: స్ప్రెడ్‌షీట్‌ను నమ్మకండి. ట్యూషన్‌కు వచ్చే ఒక అబ్బాయి ఈ సంఖ్యను ఎక్సెల్‌లో టైప్ చేసి, "సర్, ఇది 10తో కూడా పోతుంది" అన్నాడు. చూస్తే గడిలో 18446744073709500000 అని ఉంది. ఎక్సెల్ 15 అంకెల వరకే ఉంచుకుంటుంది, తర్వాతవన్నీ సున్నాలు చేసేస్తుంది. బేసి సంఖ్య కాస్తా సరిసంఖ్య అయి కూర్చుంది. కొన్ని ఫోన్ కాలిక్యులేటర్లు కూడా ఇంతే. పెద్ద పూర్ణసంఖ్యలకు పైథాన్ వాడండి, లేదా పైన చెప్పినట్టు చేత్తో చేయండి. చివరి అంకె ఒక్కటి తప్పయినా ఈ సంఖ్య గుణాలన్నీ మారిపోతాయి.

ఎంత మారిపోతాయో చెబుతాను. ఒకటి ఎక్కువేస్తే 18446744073709551616, అందులో 2 తప్ప వేరే ప్రధాన కారణాంకమే లేదు. ఇంకొకటి వేస్తే 18446744073709551617, దానికి రెండే ప్రధాన కారణాంకాలు: 274177, 67280421310721. వీటిని 1880లో లాండ్రీ అనే ఫ్రెంచి గణితజ్ఞుడు కనుక్కున్నాడు, అప్పటికి ఆయన వయసు ఎనభై దాటింది. పక్కపక్కనే ఉన్న మూడు సంఖ్యలు, మూడు రకాల లోపలి నిర్మాణాలు.

మన సంఖ్య మాత్రం అంత తేలిగ్గా ఎందుకు విడిపోయింది? అంకెల్ని చూస్తూ కూర్చుంటే ఎప్పటికీ తేలదు. అది ఎక్కణ్నుంచి పుట్టిందో చూడాలి. తొమ్మిదో తరగతిలో చెప్పే సూత్రమే ఇది: ఒక సంఖ్య వర్గంలోంచి 1 తీసేస్తే, ఆ సంఖ్యకు ఒకటి కలిపినది, ఒకటి తీసినది, ఈ రెంటి లబ్ధం వస్తుంది. 2⁶⁴ అనేది 2³² వర్గం. కాబట్టి

2⁶⁴ − 1 = (2³² + 1) × (2³² − 1).

రెండోది మళ్లీ అలాగే విడిపోతుంది, మళ్లీ, మళ్లీ. ఉల్లిపాయ పొరల్లా ఒలుచుకుంటూ పోతే చివరికి

(2³² + 1)(2¹⁶ + 1)(2⁸ + 1)(2⁴ + 1)(2² + 1)(2 + 1)

అంటే 4294967297 × 65537 × 257 × 17 × 5 × 3. ఇవే ఫెర్మా సంఖ్యలు. పదిహేడో శతాబ్దిలో ఫెర్మా ఈ రకం సంఖ్యలన్నీ ప్రధాన సంఖ్యలేనని నమ్మాడు. 3, 5, 17, 257, 65537 నిజంగానే ప్రధానాలు. ఆరోదైన 4294967297 దగ్గర ఆయన నమ్మకం వీగిపోయింది. 1732లో ఆయిలర్ అది 641 × 6700417 అని చూపించాడు. మన ఏడు కారణాంకాలు అలా పూర్తయ్యాయి.

641తో పోతుందని భాగహారం చేయకుండానే చూపించవచ్చు. నాకు అంకగణితంలో ఇంతకంటే అందమైన నాలుగు వాక్యాలు తెలియవు. 641ని రెండు రకాలుగా రాయొచ్చు: 5 × 128 + 1, అలాగే 625 + 16. మొదటిదాని ప్రకారం 5 × 2⁷ని 641తో భాగిస్తే శేషం −1, దాన్ని నాలుగుసార్లు గుణిస్తే 5⁴ × 2²⁸కి శేషం 1. రెండోదాని ప్రకారం 5⁴ ఉన్న చోట −2⁴ పెట్టుకోవచ్చు, అప్పుడు −2³²కి శేషం 1. అంటే 2³² + 1కి శేషం 0. ఇది అర్థమైన రోజు పిల్లల మొహాలు చూడాలి. తొమ్మిదో తరగతికి కొంచెం బరువే, కానీ మీరు పక్కన కూర్చుంటే అర్థమవుతుంది.

"రెండు ఘాతంలోంచి ఒకటి తీసేస్తే ఎప్పుడూ ఇలాగే విడిపోతుందా" అని అడుగుతుంది చూడండి, అడగాలి కూడా. ఘాతం ప్రధాన సంఖ్య కాకపోతే తప్పకుండా విడిపోతుంది, 64 ప్రధానం కాదు కాబట్టి ఇది విడిపోయింది. ఘాతం ప్రధానమైనా హామీ లేదు: 2¹¹ − 1 = 2047 = 23 × 89. కానీ 2⁶¹ − 1, అంటే 2305843009213693951, ప్రధాన సంఖ్యే. చదరంగం బల్ల మీద మూడు గళ్లు వదిలేసి 61 దగ్గర ఆగితే గింజల లెక్క ఒక ప్రధాన సంఖ్య అవుతుంది.

మిగతా గుణాలు త్వరగా చెప్పేస్తాను. ఏడు వేర్వేరు ప్రధానాలు ఒక్కోసారే వచ్చాయి కాబట్టి, ఒక్కోదాన్ని తీసుకోవడమా వదిలేయడమా అని ఏడుసార్లు ఎంచుకోవచ్చు, మొత్తం భాజకాలు 2⁷, అంటే 128. ఇది వర్గసంఖ్య కాదు: 5తో ముగిసే వర్గం ఎప్పుడూ 25తోనే ముగియాలి, ఇది 15తో ముగిసింది. 8తో భాగిస్తే శేషం 7, కాబట్టి దీన్ని రెండు వర్గాల మొత్తంగా గానీ మూడు వర్గాల మొత్తంగా గానీ రాయలేం, నాలుగు వర్గాలు కావాల్సిందే. 7, 11, 13లతో పోదు. ఇరవై అంకెల్లో 2 తప్ప మిగతా అన్ని అంకెలూ ఉన్నాయి. రెండుని రెట్టిస్తూ పుట్టిన సంఖ్యలో రెండే లేదు! దీనికి గణిత కారణమేమీ లేదు, కాకతాళీయమే, కానీ పిల్లలు దీన్ని ఎప్పటికీ మరిచిపోరు.

బల్లలో మొదటి సగం, 32 గళ్లు మాత్రమే తీసుకుంటే 4294967295. అది 3 × 5 × 17 × 257 × 65537, తెలిసిన ఫెర్మా ప్రధానాలన్నిటి లబ్ధం. 1796లో గౌస్ 17 భుజాల క్రమ బహుభుజిని స్కేలు, వృత్తలేఖినితో గీయొచ్చని చూపించాడు. ఆ దారిలో పోతే, మనకు తెలిసినంతలో స్కేలు, వృత్తలేఖినితో గీయదగ్గ బేసి భుజాల బహుభుజుల్లో అతి పెద్దదానికి సరిగ్గా ఇన్ని భుజాలు, 4294967295. గింజల కథకూ జామెట్రీకీ ఇలాంటి చుట్టరికం ఉంటుందని ఎవరనుకుంటారు?

సైజు గురించి ఒక్క మాట. కిలోకి 50 వేల బియ్యపు గింజలు అనుకుందాం, సన్న బియ్యమైతే ఇంకా ఎక్కువే తూగుతాయి. అప్పుడు మొత్తం దాదాపు 36,893 కోట్ల టన్నులు. ప్రపంచమంతా కలిపి ఏడాదికి పండే బియ్యం సుమారు 50 కోట్ల టన్నులు. అంటే ఏడు వందల ఏళ్లకు పైగా భూమ్మీద పండినదంతా తెచ్చి ఈ బల్ల మీదే పోయాలి. చార్టు మీద ఇది తప్పకుండా రాయించండి.

ఇప్పుడు మీ ఆఫీసు సంగతి. ఇది మీరు మీ టీమ్‌కు చెప్పాల్సిన విషయం. కంప్యూటర్ 64 బిట్లలో రుణసంఖ్యలు లేకుండా లెక్కపెడుతుంటే, అది పట్టించుకోగల అతి పెద్ద సంఖ్య ఇదే, 64 బిట్లూ 1లే. పాత స్కూటర్ మీటరు గుర్తుందా? అన్నీ సున్నాలున్నప్పుడు చక్రాన్ని ఒక్క అడుగు వెనక్కి తిప్పితే అన్నీ తొమ్మిదులవుతాయి. ఇక్కడా అంతే. మిగిలిన సీట్లు 0 ఉన్నప్పుడు ఇంకొకటి బుక్ అయి 1 తీసేస్తే, −1 రావాల్సిన చోట ఈ సంఖ్య వచ్చింది. కాబట్టి డాష్‌బోర్డులో తప్పేమీ లేదు. ఉన్నవాటికంటే ఒక సీటు ఎక్కువ అమ్మారు, లేదా ఒకే బుకింగును రెండుసార్లు తీసేశారు. తీసివేసే ముందు సున్నా ఉందో లేదో చూసే మాట కోడ్‌లో ఎక్కడో తప్పిపోయింది, అక్కడ వెతకండి. ఎప్పుడైనా 18446744073709551614 కనబడితే రెండు సీట్లు ఎక్కువ పోయాయని అర్థం.

ఇంతకుముందు ఒకరు దీని అంకెల మొత్తం 87, మళ్లీ కలిపితే 15, మళ్లీ 6, కాబట్టి అదృష్ట సంఖ్యేనా అని నన్ను అడిగారు. ఆ 6 అనేది 9తో భాగిస్తే వచ్చే శేషం. తప్పులు పట్టుకోవడానికి పనికొస్తుంది, పైన చూశాం కదా, అంతకు మించి దానిలో ఏమీ లేదు. ప్రాజెక్టులో అటువైపు పోనివ్వకండి.

ప్రాజెక్టుకి నా సలహా: గుణాలన్నీ జాబితాగా రాస్తే టీచరు నెట్‌లోంచి ఎత్తారనుకుంటారు. ఒక వైపు పద్యం, కింద మాటల వారీగా అంకెలు. వీలైతే మీ నాన్నగారి చేత్తోనే రాయించండి. రెండో వైపు కోట్ల గుణకారం, ఆమె సొంత చేత్తో. కింద ఉల్లిపాయ పొరల కారణాంకాలు. చివర్లో ఆమె స్వయంగా రుజువు చేసినది ఒకటి ఉండాలి, దానికి ఒక పని ఇస్తాను.

పైన చెప్పిన ఏడింటిలో 6700417 ప్రధాన సంఖ్యేనని ఎలా నమ్మాలి? మామూలుగా అయితే దాని వర్గమూలం 2588 వరకు ఉన్న ప్రధానాలన్నిటితో భాగించి చూడాలి, వందల భాగహారాలు. కానీ 2³² + 1ని భాగించే ఏ ప్రధాన సంఖ్యైనా 128 గుణిజానికి 1 కలిపిన రూపంలోనే ఉండాలని ఆయిలర్ తర్వాత లూకా అనే ఫ్రెంచి గణితజ్ఞుడు నిరూపించాడు. 129, 257, 385, 513, 641... ఇలా 2588 లోపు రాసుకుంటూ పోయి, అందులో ప్రధానాలు కానివి కొట్టేస్తే అయిదే మిగులుతాయి: 257, 641, 769, 1153, 1409. ఈ అయిదింటితో 6700417ని భాగించమనండి. వరుసగా 170, 44, 120, 334, 622 శేషాలు రావాలి. ఎక్కడా సున్నా రాలేదంటే అది ప్రధాన సంఖ్యే. శేషాలు ముందే చెప్పకండి, చేసి తెచ్చాక సరిచూడండి.